పేరు పెట్టు వేళ



 

గత పక్షమున ఈ మండపముననే షోడశ సంస్కారములను గూర్చి ముచ్చటించుచు జాతకర్మ వరకు చెప్పి ఆపితిమి. ఆనాడు ప్రసాదము పంచుచుండగా ఒక తల్లి మా చేతికి చిన్న చీటి ఇచ్చినది. అందులో రెండే వాక్యములు: "మా మనుమరాలికి పెట్టిన పేరు మంచిది కాదని ఎవరో అన్నారు. పేరు వల్ల పిల్లకు కీడు జరుగుతుందా?" ఆ పేరేమో చీటిలో వ్రాయలేదు. అవుననియో కాదనియో ఒక్కమాటలో చెప్పి ఊరకుండవచ్చును. కాని ఈ ప్రశ్న మమ్ములను చాల దినములు వెన్నాడినది. దానికి కారణము కూడ చివర చెప్పెదము. ఈనాటి సమయమంతయు నామకరణమునకే వినియోగింపదలచితిమి.

మన గోదావరి ప్రాంతమున ఆపస్తంబ సూత్రులు అధికము. ఆపస్తంబ మహర్షి తన గృహ్యసూత్రమున ఈ సంస్కారమునకు కేటాయించినది కొద్దిపాటి సూత్రములే. పదవనాడు తల్లి పురిటి పడక నుండి లేచి స్నానము చేసిన పిమ్మట బిడ్డకు పేరు పెట్టవలెను. ఎవరు పెట్టవలెను? తండ్రియు తల్లియు అని మహర్షి ఇరువురిని పేర్కొన్నాడు. దీనిని గట్టిగా గుర్తుంచుకొనుడు. పేరు పెట్టు హక్కు మాదనగా మాదని పుట్టినింటివారును అత్తవారును పంతములకు పోవుట మేము ఎన్ని ఇండ్లలో చూచితిమో! ఆ పంతములలో బిడ్డను కన్న తల్లిని అడిగినవారు అరుదు.

మగబిడ్డకు రెండుగాని నాలుగుగాని అక్షరముల పేరు, ఆడబిడ్డకు బేసి సంఖ్య అక్షరముల పేరు ఉండవలెను. మగబిడ్డ పేరు మొదట గ, జ, ద, బ వంటి నాదము గల అక్షరము, నడుమ య, ర, ల, వలలో ఒకటి ఉండవలెను. ఇన్ని నియమములు కుదరనివారికి మహర్షి ఒక సులభమార్గమును కూడ చూపినాడు. 'సు' అను ఉపసర్గ కలిగిన పేరు పెట్టినను చాలును, అట్టి పేరు స్థిరముగ నిలుచునని బ్రాహ్మణవాక్యమును ప్రమాణముగ చూపినాడు. 'సు' అనగా మంచి, శోభనము. ఎంత దయ! శాస్త్రము కఠినమనువారు ఇట్టి చోట్లను చదువరు.

పతంజలి మహర్షి మహాభాష్యము తొలి ఆహ్నికముననే వ్యాకరణము ఎందులకు చదువవలెనను ప్రశ్న వేసికొని అనేక ప్రయోజనములు చెప్పినాడు. వానిలో ఒకటి కొడుకునకు పేరు పెట్టుట! పేరు మూడు తరముల పెద్దలను అనుసరించి ఉండవలెను, శత్రువులలో వాడుకలో నున్నది కారాదు, కృదంతము కావలెను గాని తద్ధితాంతము కారాదు. ఏది కృత్తో ఏది తద్ధితమో వ్యాకరణము రానివానికి ఎట్లు తెలియునని ఆయన అడిగినాడు. రెండువేల యేండ్లకు పైబడిన మాట ఇది. మేము పాఠశాలలో ఈ పంక్తి చదువుకొను దినములలో ఇంత పెద్ద శాస్త్రమునకు ఇంత చిన్న ప్రయోజనమా యని నవ్వుకొంటిమి. మా గురువుగారు నవ్వలేదు. "పెళ్లి చేసుకుని నలుగురికి పురుళ్లు వచ్చాక నవ్వరా" అనిరి.

ఆడపిల్లల పేరు సుఖముగ పలుకుటకు వీలుగ, అర్థము స్పష్టముగ, మనస్సునకు హాయిగ, మంగళకరముగ, ఆశీర్వాదము ధ్వనించునట్లు ఉండవలెనని మనువు చెప్పినాడు. ఆయనయే మరియొకచోట వధువును ఎంచుకొనునపుడు నక్షత్రముల, చెట్ల, నదుల పేర్లు గల కన్యలను వద్దన్నాడు. మన పెద్దలు ఆ రెండవ మాటను మన్నించినట్లు కనబడదు. ప్రతి వీధిలోను ఒక రోహిణి, ఒక తులసి, ఒక గోదావరి ఉండనే ఉన్నారు. మా తల్లిగారిది నది పేరే. ఈ విషయమున ఆచారమే గెలిచినందులకు మాకు సంతోషమే.

ఇక బారసాల. మీరందరు ఎరిగినదే. కొందరు పదునొకండవనాడు, కొందరు ఇరువదియొకటవనాడు చేయుదురు. పళ్లెములో బియ్యము పరచి తండ్రి బంగారు ఉంగరముతో పేరు వ్రాయును. ధర్మసింధువు ప్రకారము పేరు ఒకటి కాదు, నాలుగు. ఇష్టదేవతా నామము, మాసనామము, నక్షత్రనామము, వ్యవహారనామము. మార్గశిరమున పుట్టినవానికి కృష్ణుడు, చైత్రమున పుట్టినవానికి వైకుంఠుడు, కార్తికమున పుట్టినవానికి పుండరీకాక్షుడు అని మాసమునకొక విష్ణునామము కలదు. నక్షత్రనామమును రహస్యముగ ఉంచవలెనని ఆపస్తంబుడు చెప్పినాడు. లోకము పిలుచునది నాలుగవదియగు వ్యవహారనామమును. నేటి యువదంపతులు మీకు నచ్చని కొత్త పేరు ఏదైన కోరుకొన్నచో, తాతలారా, కలహింపకుడు. మిగిలిన మూడును బియ్యములో వ్రాయించుడు. చోటు చాలినంత ఉన్నది.

మన వాడుకలో తాత పేరు మనుమనికి పెట్టుట ఉన్నది గదా. పతంజలి చెప్పిన మూడు తరముల నియమమునకు ఇది దగ్గరి చుట్టము. అందులో ఒక చిక్కు. మామగారి పేరు కోడలు నోట పలుకరాదు. అందుచేత ఎంతో శ్రద్ధతో పెట్టిన పేరు మూలనుండి, పిల్లవాడు యావజ్జీవము 'బుజ్జి' యనియో 'అబ్బాయి' యనియో మిగిలిపోవును. డెబ్బదియేండ్ల బుజ్జిగారలను మేము ఎరుగుదుము.

దేవుని పేరు పెట్టవలెనని పెద్దలు ఎందుకన్నారో చెప్పుటకు అజామిళుని కథ చాలును. ఆంధ్రభాగవతమున ఈ కథ గల షష్ఠస్కంధమును ఏర్చూరి సింగన రచించినాడు. ఎనుబదియెనిమిదేండ్లు భ్రష్టుడై బ్రదికినవాడు మరణకాలమున భయముతో కడగొట్టు కొడుకును 'నారాయణా' యని పిలిచెను. పిలిచినది కొడుకునే. వచ్చినవారు విష్ణుదూతలు. తండ్రి పెట్టిన పేరు తండ్రినే కాపాడినది. ఈ కథ మీకు కంఠస్థమే గనుక విస్తరింపము.

ఇప్పుడు అసలు విషయమునకు వచ్చెదము. నేటి పేర్లు ఎచ్చటనుండి వచ్చుచున్నవి? పూర్వము తాతముత్తాతల నుండి, కులదేవత నుండి వచ్చెడివి. నేడు చేతిలోని ఫోను నుండి వచ్చుచున్నవి. అందు పేరు ఒక వరుసలోను, అర్థము దాని ప్రక్కన మరియొక వరుసలోను ఉండును. ఆ అర్థము వ్రాసినవారు ఎవరో, ఏ నిఘంటువు చూచిరో తెలియదు.

రెండేండ్ల క్రిందట ఒక ఇంట బారసాలకు వెళ్లితిమి. పిల్లవానికి 'ఆరవ్' అని నిశ్చయించినారు. అర్థమేమి నాయనా అని అడిగితిమి. శాంతము అని చెప్పినారు. మాకు నవ్వు ఆగలేదు. ఆరవము అనగా శబ్దము, అరుపు. అమరకోశము చదువుకొన్న బాలుడైనను చెప్పును. ధ్వని పర్యాయములలో ఈ మాట ఉన్నది. రవము లేనిది శాంతమనుకొన్నచో అది 'అరవ' కావలెను. అప్పుడు మన తెలుగువారు పిల్లవాడు తమిళుడా అని అడుగుదురు! ఇట్లు మేము వివరించుచుండగా పిల్లవాని నాయనమ్మ లోపలినుండి, "సరిగ్గానే పెట్టారండీ, రాత్రంతా వాడికి అదే పని" అన్నది. అందరును నవ్విరి. ఆ పేరే ఉంచితిమి. శబ్దము బ్రహ్మస్వరూపమని చదువుకొన్నవారము, శబ్దమను పేరును వద్దనుటకు మాకు నోరు రాలేదు.

కాని మరియొకచోట ఊరకుండలేకపోతిమి. ఆడబిడ్డకు 'అనయ' అని వ్రాయబోవుచుండిరి. నయము అనగా నీతి. అది లేనిది అనయము. అమరకోశము నానార్థవర్గములో దీనికి వ్యసనము, దుర్దైవము, ఆపద అను అర్థములు చెప్పినది. పుట్టిన పిల్లను ఆపదా అని పిలుతుమా? తమ ఫోనులో 'తనకు పైన ఎవరును లేనిది' అని ఉన్నదని వారు చూపిరి. మేము వాదింపలేదు. మొదటి అక్షరమొక్కటి మార్చి 'సునయ' అని వ్రాయుమంటిమి. ఆపస్తంబుడు చెప్పిన 'సు' వచ్చినది, అక్షరములు మూడు, ఆడపిల్లకు తగిన బేసి సంఖ్య. తండ్రి ఒక క్షణము ఆలోచించి ఉంగరముతో చెరిపి మరల వ్రాసినాడు. బియ్యములో వ్రాయుటలోని సుఖము ఇదియే, అరచేతితో సర్దిన చెరిగిపోవును.

ఇట్టివి ఇంకను కలవు. 'అస్మిత' యని ముద్దుగ పెట్టుచున్నారు. యోగశాస్త్రమున అస్మిత పంచక్లేశములలో రెండవది, అవిద్య వెనువెంటనే వచ్చునది. 'మోహిత్' అనగా మోహపరవశుడైనవాడు, భ్రమలో పడినవాడు. 'తృష్ణ' అనగా దాహము, తీరని ఆశ. ఇక ఉచ్చారణ దోషములు. 'అసిత' అన్న నల్లనిది, అందులో దోషము లేదు. అసితుడను ఋషి కూడ ఉన్నాడు. అదే 'అశిత' అన్నచో తినివేయబడినది! స్వజనుడు బంధువు, శ్వజనుడు కుక్క. ఒక్క అక్షరము పలుకుటలో ఎంత దూరము పోవునో చూడుడు.

నక్షత్రాక్షరము పట్టుకొని వచ్చువారి కష్టము వేరు. అవకహడా చక్రము ప్రకారము ఆర్ద్ర మూడవ పాదమునకు 'ఙ', హస్త మూడవ పాదమునకు 'ణ' వచ్చును. ఈ అక్షరములతో మొదలగు పేరు ఏదైన చెప్పుడని అర్ధరాత్రి ఫోను చేసినవారు కలరు. ఆ అక్షరము రహస్యమైన నక్షత్రనామమునకు సంబంధించినది గాని వ్యవహారనామమునకు అది తప్పనిసరి కాదు. ఈ మాట ఎన్నిమార్లు చెప్పినను వినరు. సంఖ్యాశాస్త్రమని చెప్పి ఇంగ్లీషు అక్షరములలో ఒక 'ఎ' ఎక్కువ చేర్చి, ఒక 'హెచ్' తోకకు తగిలించువారును ఉన్నారు. వేదము చెవితో నేర్చుకొన్న మాకు వ్రాతలో ఒక అక్షరము కలిపిన గ్రహము శాంతించునన్న మాట అంతుబట్టలేదు. బడిలో మాత్రము ఆ పిల్ల సంవత్సరమంతయు తన పేరు సరిగా వ్రాయించుకొనుటకు పాటుపడవలెను.

వార్తలలోని పేర్లు పెట్టుట మరియొక వేలంవెర్రి. 2020వ సంవత్సరము ఏప్రిల్‌లో, దేశమంతయు ఇండ్లలో తలుపులు మూసికొని ఉన్న దినములలో, మన కడప జిల్లాలో పుట్టిన ఇద్దరు పసిబిడ్డలకు కరోనా కుమార్, కరోనా కుమారి అని పేర్లు పెట్టినట్లు పత్రికలలో వచ్చినది. ఛత్తీస్‌గఢ్ రాష్ట్రమున రాయపూర్‌లో కవలలకు కరోనా, కోవిడ్ అని పెట్టిరి. ఆ తల్లిదండ్రులు దుర్మార్గులు కారు. గండము గడచి బిడ్డ దక్కినదన్న ఆనందమున అట్లు చేసిరి. కాని ఆ పేరు వినగానే ఆ రోగమున తండ్రిని పోగొట్టుకొన్న తోటి పిల్లవాని మనస్సు ఎట్లుండును? 2019 మే నెలలో తుపాను ఒడిశాను తాకిన దినమున భువనేశ్వర్‌లోని రైల్వే ఆసుపత్రిలో పుట్టిన ఆడబిడ్డకు ఆ తుపాను పేరే, 'ఫణి' అని పెట్టిరి. ఇది మాత్రము మనకు వింత తోపదు. ఫణి అనగా సర్పము. ఫణీంద్రులు, ఫణికుమారులు మనలో ఎందరో ఉన్నారు. తుపాను వెళ్లిపోయినను ఆదిశేషుడు మిగులును గదా.

ఆసుపత్రిలో తొందరపెట్టినారు, అందుచేత నోటికి వచ్చినది వ్రాయించితిమి అని కొందరు చెప్పుదురు. తొందర అక్కరలేదు. 1969వ సంవత్సరపు జనన మరణ నమోదు చట్టము ప్రకారము పేరు లేకుండగనే జననమును నమోదు చేయించవచ్చును. పండ్రెండు నెలలలోపు రుసుము లేకుండ పేరు చేర్పించుకొనవచ్చును. ఆ తరువాత కూడ పదునైదేండ్ల వరకు ఆలస్య రుసుముతో చేర్తురు. పదవనాటి వరకు ఆగుమన్న మహర్షి మాటకు ప్రభుత్వ చట్టము అడ్డురాలేదు.

ఇన్ని తప్పులు పట్టిన మేము మన పాత పేర్లను వదలిపెట్టితిమని అనుకొనకుడు. పెంటయ్య, పెంటమ్మ, పిచ్చయ్య, పుల్లయ్య, తవిటయ్య. ఇవి వినిన పట్నపు పిల్లలు నవ్వుదురు. ఈ పేర్ల వెనుక కథ ఎరిగినచో నవ్వరు. పుట్టిన బిడ్డ పుట్టినట్లు పోవుచుండెడి ఇండ్లలో ఇట్టి పేర్లు పుట్టినవి. మరల బిడ్డ కలిగిన వెంటనే పెంటకుప్ప మీద పరుండబెట్టి, ఎవరో పారవేసిన బిడ్డను ఎత్తుకొన్నట్లు తెచ్చుకొని పెంటయ్య అనెడివారు. పొరుగింటామెకు ఇచ్చి గుప్పెడు తవుడు పోసి కొనుక్కొని తవిటయ్య అనెడివారు. ఎంగిలి విస్తరిలో దొర్లించి పుల్లయ్య అనెడివారు. ఇంత నీచమైన పేరు గల బిడ్డ మీద మృత్యువు కన్ను పడదని ఆ తల్లి ఆశ. లోకమునకు వినవచ్చునది 'పెంట'. ఆమె లోలోపల చెప్పుకొన్నది 'బ్రతుకు నాయనా' అని. మా మేనత్తగారి కొడుకు అట్టి పేరువాడే, ముగ్గురు పోయిన తరువాత పుట్టినవాడు. పెద్ద ఉద్యోగము చేసినాడు, పేరు మార్చుకొమ్మని స్నేహితులు ఎందరు చెప్పినను మార్చుకొనలేదు. "ఇది మా అమ్మ నాకు కట్టిన తాయెత్తు" అనెడివాడు. అట్టి పేరును మేము చెడ్డ పేరని అనము. ఇంపైన ధ్వని గల అనయ కంటె మాకు ఈ పెంటయ్యయే మేలు.

వేదములోనే చూడుడు. ఐతరేయ బ్రాహ్మణమున అజీగర్తుడను దరిద్రుని కథ కలదు. వానికి ముగ్గురు కొడుకులు. శునఃపుచ్ఛుడు, శునఃశేపుడు, శునోలాంగూలుడు. మూడును కుక్క తోకను సూచించు పేర్లే! ఇట్లు ఎందుకు పెట్టెనో బ్రాహ్మణము చెప్పదు. హరిశ్చంద్రుని కుమారుడు రోహితుడు తనకు బదులుగ యజ్ఞపశువు కావలెనని వచ్చినపుడు పెద్దవానిని తండ్రి ఈయనన్నాడు, చిన్నవానిని తల్లి ఈయనన్నది. నడిమివాడు మిగిలెను. నూరు గోవులకు అమ్మిరి. యూపమునకు కట్టుటకు తండ్రి మరి నూరు, చంపుటకు మరి నూరు పుచ్చుకొన్నాడు. ఆ బాలుడు దేవతలను స్తుతించి బంధవిముక్తుడైనాడు. అప్పుడు అజీగర్తుడు కొడుకును తిరిగి ఇమ్మన్నాడు. విశ్వామిత్రుడు ఇవ్వలేదు. దేవతలు నాకు ఇచ్చినారని చెప్పి ఆ బాలుని తన కొడుకుగ స్వీకరించెను. ఆ బాలుడే దేవరాతుడైనాడు, దేవతలచే ఈయబడినవాడు. కుక్కతోక అన్నది పోయి దేవదత్తము అన్నది వచ్చినది. పెట్టిన పేరు మార్చరాదను వారికి ఇంతకంటె ప్రమాణము ఏమి కావలెను?

చీటి ఇచ్చిన తల్లీ, నీ ప్రశ్నకు ఇచ్చట సమాధానము చెప్పుచున్నాము. పేరు బాగుండలేదని గ్రహములు పసిదానిని శిక్షింపవు. విభీషణుడు అనగా భయంకరుడు, ఆయన ధర్మాత్ముడే. పేరు నుదుటివ్రాత కాదు, భయపడకుము. కాని పేరు వలన కీడు లేదా అన్నచో, ఉన్నది. ఆ కీడు ఆకాశమునుండి రాదు. ఆ పేరు పెట్టిన మనస్సునుండి వచ్చును. అది ఎట్లో చెప్పెదము.

మహారాష్ట్రమున సతారా జిల్లాలో 2011వ సంవత్సరము అక్టోబరులో అధికారులు ఒక సభ చేసినారు. 285 మంది బాలికలకు ఆనాడు కొత్త పేర్లు పెట్టిరి. వారందరి పాత పేరు ఒక్కటే, 'నకుశా'. మరాఠీలో వద్దు, అక్కరలేదు అని అర్థము. కొడుకు కావలెనని ఎదురుచూడగా కూతురు పుట్టినందున తల్లిదండ్రులు పెట్టిన పేరది. ఒక్క జిల్లాలో 285 మంది! ఈ వార్త చదివిననాడు మేము అన్నము తినలేకపోతిమి. ఎవరో మరాఠా దేశపు వారు చేసినారని కాదు.

మాకు ముప్పదియేండ్లు నిండని కాలమున కాలువగట్టు మీది ఒక గ్రామములో ఒక ఇంట బారసాల చేయించితిమి. పెద్ద రైతు కుటుంబము. ముగ్గురు ఆడపిల్లల తరువాత నాలుగవది కూడ ఆడపిల్లయే. సంకల్పము, పుణ్యాహవాచనము అయినవి. బియ్యము పరచినారు. పేరేమని అడిగితిమి. బిడ్డ తండ్రి తన తండ్రి వంక చూచినాడు. ఆ పెద్దాయన కుర్చీలోనుండి కదలక ఒక పేరు చెప్పినాడు. ఆ పేరు ఇచ్చట మేము పలుకము. 'ఇక చాలును' అని దాని అర్థము. ఇట్లు పెట్టినచో తరువాత మగపిల్లవాడు పుట్టునని ఒక నమ్మకము. తల్లి గుమ్మము చాటున బిడ్డను ఒడిలో పెట్టుకొని తల వంచుకొని కూర్చున్నది. ఆమెను ఎవరును అడుగలేదు. మేమును అడుగలేదు.

మనువు చెప్పినది మాకు రాదా? వచ్చును. మంగళకరముగ ఉండవలెనను మాట ఆనాటి ఉదయమే వారికి చెప్పియుంటిమి. తండ్రియు తల్లియు అన్న ఆపస్తంబ సూత్రము మాకు నోటికి వచ్చును. కాని పెద్దాయన ఊరిలో గౌరవనీయుడు, మాకు ఏటేట వడ్లు కొలిచి ఇచ్చువాడు. మేము మారుమాట చెప్పలేదు. ఆ తండ్రి చేయి తడబడగా మేమే వ్రేలు పట్టుకొని వ్రాయించితిమి.

మరుసటి యేడు ఆ ఇంట మగపిల్లవాడు పుట్టినాడు. పేరు పనిచేసినదని ఊరంతయు చెప్పుకొన్నది. మరి రెండిండ్లలో ఆడపిల్లలకు అదే పేరు పెట్టిరి. అందులో ఒకటి మా పౌరోహిత్యముననే జరిగినది. ఆ రెండిండ్లలో మగపిల్లలు పుట్టలేదు. పేరు మాత్రము మిగిలినది.

కొన్నేండ్ల క్రిందట ఈ ఆలయములోనే, ఇదే మండపములో జపము చేసికొనుచుండగా నలువది దాటిన ఒక గృహిణి అర్చనకు వచ్చినది. అర్చకుడు గోత్రనామములు అడిగినాడు. గోత్రము చెప్పినది. భర్త పేరు, పిల్లల పేర్లు చెప్పినది. మీ పేరు అమ్మా అనినాడు. "నాది శ్రవణా నక్షత్రమండీ, అంతే" అన్నది. పేరు చెప్పండమ్మా అని ఆయన మరల అడిగినాడు. వెనుక వరుస నిలిచియున్నది. ఆమె గొంతు తగ్గించి చెప్పినది. వెనుకనున్న కుర్రవాడెవడో కిసుక్కున నవ్వినాడు.

ఆ పేరు మా చెవిన పడినది. ఏ ఊరని అడిగితిమి. చెప్పినది. మేము ఎవరమో చెప్పితిమి. "మీరేనా పంతులుగారూ నా బారసాల చేసింది?" అని ప్రక్కన కూర్చున్నది. కోపముగ అనలేదు. బడిలో ప్రతి ఉదయము హాజరు పిలుచునపుడు ఆ పేరు వినవలసి వచ్చెడిదనియు, పెండ్లి శుభలేఖలో అది వేయుటకు మామగారు ఒప్పుకొనక మరియొక పేరు అచ్చు వేయించిరనియు, కాగితములలో మాత్రము అదే ఉండిపోయినదనియు చెప్పినది. తరువాత ఈ మాట అన్నది: "నేను వద్దనుకున్న పిల్లనని ప్రతి చోటా నా నోటితో నేనే చెప్పుకోవాలా అండీ? దేవుడి దగ్గర కూడానా?"

మా వద్ద సమాధానము లేదు. తప్పు మాదని చెప్పితిమి. ఆమె ఊరకుండినది.

పెద్దవారికి నామకరణ సంస్కారమును మరల చేయవలెనని గృహ్యసూత్రములలో విధి లేదు. ఉన్నదని మేము చెప్పము. కాని సన్న్యాసాశ్రమము స్వీకరించువారికి కొత్త పేరు వచ్చును. దేవరాతుని కథ మీకు చెప్పియే ఉన్నాము. ఇద్దరు ముగ్గురు పండితులతో ఆలోచించితిమి. సంస్కారమని పేరు పెట్టక, పుణ్యాహవాచనము, విష్ణుపూజ చేసి, బియ్యములో కొత్త పేరు వ్రాయుటకు అభ్యంతరము లేదని తేల్చితిమి. శ్రవణము విష్ణు నక్షత్రము గనుక ఆ దినమే నిశ్చయించితిమి. కాగితముల మార్పునకు రాజపత్రములో ప్రకటన మొదలగు పనులు ఆమె భర్త చూచుకొన్నాడు.

ఏ పేరు కావలెనమ్మా అని అడిగితిమి. "మా అమ్మ ఉందండీ. అమ్మనే చెప్పమనండి" అన్నది.

ఆ తల్లికి అప్పటికి ఎనుబది యేండ్లు సమీపించినవి. కూతురు చేయి పట్టుకొని వచ్చినది. అడుగగానే, తడుముకొనకుండ, 'సు'తో మొదలగు మూడక్షరముల పేరు ఒకటి చెప్పినది. ముందుగ ఆలోచించుకొని వచ్చితివా అమ్మా అంటిమి. "పురిట్లోనే అనుకున్నానండీ. నన్నెవరూ అడగలేదు" అన్నది.

ఆమెకు చదువు రాదు. ఆ మూడక్షరములు కూతురే వారము దినములు పలక మీద దిద్దించినదట. ఉంగరము ఇచ్చితిమి. వణకుచున్న చేతితో, మేము పట్టుకొనకుండగనే, బియ్యములో వ్రాసినది. రెండవ అక్షరము కొంచెము వంకర పోయినది. సరిచేయబోయిన మనుమరాలిని వద్దని వారించినది.

పూజ ముగిసిన పిమ్మట అందరును స్వామి సన్నిధికి వెళ్లిరి. అర్చకుడు గోత్రము, పేరు అడిగినాడు. కూతురు చెప్పినది. ప్రక్కన నిలిచియున్న తల్లి, తనను ఎవరును అడుగకుండగనే, ఆ పేరు మరియొకసారి బిగ్గరగ చెప్పినది.